వాడని నల్లాకు గట్టి బిరడా
(మహిళా సంఘం సమావేశంలో చదవడానికి రాసిన ప్రసంగం)



తెలంగాణలో నల్లా అంటారు. కోస్తాలో కుళాయి అంటారు. కొన్ని ఊళ్ళలో పంపు అంటారు. పేరు ఏదైనా, ఇవాళ్టి మాట రోజూ వాడే నల్లా గురించి కాదు. వాడని నల్లా గురించి.

"వాడని దాని గురించి మాట్లాడేదేముంది?" అని మీలో కొందరికి అనిపించవచ్చు. అది ఓ మూల పడి ఉంటుంది. దాని జోలికి ఎవరూ పోరు. పిల్లలు దాని మూతిలో రాళ్ళు వేసి ఆడుకుంటారు. అంతే కదా!

అంతే కాదు. నల్లా వాడకం ఆగింది కాని, దాని వెనక పైపు ఆగలేదు. ఆ పైపు మట్టి కింద వీధి పైపుకు తగులుకునే ఉంది. వీధి పైపులో నీళ్ళు వచ్చినప్పుడల్లా ఇందులోకీ వస్తాయి. వీధి పైపు ఖాళీ అయినప్పుడు ఇదీ ఖాళీ అవుతుంది. అంటే అది చచ్చిన పైపు కాదు. బతికే ఉంది. చూసేవాళ్ళు లేరు, అంతే.

ఒకసారి మీ వీధిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా నడవండి. ఎన్ని ఇళ్ళ ముందు రెండేసి పైపులు ఉన్నాయో లెక్కపెట్టండి. తెలంగాణలో 2016లో మిషన్ భగీరథ మొదలైంది. దేశమంతటా 2019లో జల్ జీవన్ మిషన్ వచ్చింది. ఇంటింటికీ కొత్త నల్లాలు బిగించారు. మంచిదే. కాని చాలాచోట్ల కొత్తది వచ్చింది, పాతది పోలేదు. పంచాయతీ వాళ్ళు ఎప్పుడో వేసిన పైపు గోడ పక్కన అలాగే ఉంది. దాని తలకాయ ఎవరో విప్పుకుపోయారు. మూతిలో ఇంత గుడ్డ కుక్కి వదిలేశారు.

పట్నంలో ఇంకో తీరు. అద్దె ఇంట్లో ముందున్నవాళ్ళు బట్టలు ఉతికే మెషిను పెట్టుకున్నారు. వాళ్ళు ఖాళీ చేసినప్పుడు మెషిను తీసుకుపోయారు. దాని నల్లా మాత్రం గోడకు మిగిలింది. కొందరికి సొంత మెషినే చెడిపోతుంది. పాత సామాన్లవాడికి వేసేస్తారు. నల్లా మిగులుతుంది. చీర కొంగు తగిలినా, పసివాడు తిప్పినా ఆ నల్లా విప్పుకుంటుంది. మేడ మీది ట్యాంకు మొత్తం ఇంట్లోకి దిగుతుంది.

సరే, విప్పుకోలేదు. చుక్క చుక్కగా కారుతోంది అనుకోండి. దానివల్ల ఏం నష్టం? మీరంతా లెక్కలు నేర్చుకున్నారు కదా, ఇది చెయ్యండి. సెకనుకు ఒక చుక్క. నిమిషానికి 60. గంటకు 3,600. రోజుకు 86,400 చుక్కలు. సుమారు 20 చుక్కలు కలిస్తే ఒక మిల్లీలీటరు. 86,400ని 20తో భాగించండి. 4,320 మిల్లీలీటర్లు వస్తాయి. అంటే రోజుకు నాలుగు లీటర్లకు పైన. నెలకు 129 లీటర్లు దాటుతుంది. 15 లీటర్ల బిందెతో కొలిస్తే ఎనిమిది బిందెలకు పైన. ఎండాకాలంలో ఎనిమిది బిందెల కోసం ఎంత దూరం నడవాలో మీకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పోయిన నీళ్ళు పోగా, గోడ చెమ్మగిల్లుతుంది. మెషిను దగ్గర కరెంటు ప్లగ్గు ఉంటుంది. చెమ్మ దాంట్లోకి దిగితే తడి చేత్తో ముట్టినవాళ్ళకు షాక్ కొడుతుంది.

అయితే బయటికి పోయే నీళ్ళకన్నా లోపలికి వచ్చే నీళ్ళు ఎక్కువ చేటు చేస్తాయి. ఈ మాట శ్రద్ధగా వినండి.

పైపు మూతి నుంచి నీళ్ళు బయటికి రావడమే అందరూ చూశారు. లోపలికి పోవడం ఎవరూ చూడరు. కాని పోతాయి. ట్రాక్టరు ట్యాంకు నుంచి డీజిల్ ఎలా తీస్తారు? పైపు ఒక కొస ట్యాంకులో పెడతారు. రెండో కొస కింద డబ్బాలోకి వంచుతారు. ఒకసారి పీలిస్తే చాలు, ఆపైన అదే లాగుతుంది. మన వీధి పైపులోనూ అదే జరుగుతుంది. మన ఊళ్ళలో నీళ్ళు రోజంతా రావు. పొద్దున గంటో రెండు గంటలో వదులుతారు. తర్వాత కట్టేస్తారు. నీరు పల్లమెరుగు అంటారు కదా. కట్టేశాక పైపులో మిగిలిన నీళ్ళు పల్లంలో ఉన్న ఇళ్ళ వైపు జారిపోతాయి. అవి జారుతున్నప్పుడు వెనక పైపు పీలుస్తుంది. ఎక్కడ తెరిచిన మూతి ఉంటే అక్కడి నుంచి పీలుస్తుంది. మూతి గాలిలో ఉంటే గాలి పోతుంది. మురుగులో ఉంటే మురుగు పోతుంది.

పాత నల్లాలు చాలావరకు గుంటల్లో ఉంటాయి. నీళ్ళు సన్నగా వస్తున్నాయని అప్పట్లో నేల తవ్వి నల్లాను కిందికి దించారు. ఇప్పుడా గుంటలో ఏముంటుంది? అంట్లు తోమిన నీళ్ళు, వాన నీళ్ళు, కోళ్ళ రెట్ట, పసిపిల్లల మలం. పక్కనే మురుగు కాలవ. గుడ్డ కుక్కిన మూతి ఆ నీళ్ళలో మునిగి ఉంటుంది. గుడ్డ నీళ్ళను ఆపదు. గుడ్డతో నీళ్ళు వడకట్టుకుంటాం కదా, మరి ఆపేదెక్కడ?

ఇంకొకటుంది. కొందరు నల్లాకు మోటారు పెట్టి లాగుతారు. అలా లాగితే వీధి పైపు ఇంకా గట్టిగా పీలుస్తుంది. మోటారు ఒకరి ఇంట్లో, మురుగు పీల్చే మూతి ఇంకొకరి ఇంటి ముందు, విరేచనాలు మూడో ఇంట్లో. ఎవరి వల్ల ఎవరికి వచ్చిందో తెలియను కూడా తెలియదు.

ట్యాంకులో బ్లీచింగ్ పౌడర్ కలుపుతున్నారు కదా అని ధైర్యంగా ఉండకూడదు. ఆ మందు ట్యాంకు నుంచి వచ్చే నీటికి సరిపోయేంతే ఉంటుంది. దారిలో కలిసిన మురుగునంతా చంపే బలం దానికి లేదు.

2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పూర్‌లో తాగునీటి పైపులో మురుగు కలిసింది. 2018 మార్చిలో గుంటూరు ఆనందపేట వైపు కూడా అలాగే అయింది. రెండుచోట్లా వాంతులు, విరేచనాలతో వందలమంది ఆస్పత్రుల పాలయ్యారు. ప్రాణాలు పోయాయి. పేదవాళ్ళ దేశం కాబట్టి ఇలా అవుతుందని అనుకోవద్దు. 1933లో అమెరికాలోని షికాగో నగరంలో పెద్ద పెద్ద హోటళ్ళలో మురుగు పైపు, మంచినీళ్ళ పైపు కలిసిపోయాయి. జిగట విరేచనాలు పట్టుకుని 98 మంది చనిపోయారు. అక్కడ అద్దాల మేడలు ఉన్నాయి, డబ్బు ఉంది. పైపులు చూసుకున్నవాళ్ళు లేరు.

మురుగు నీళ్ళతో విరేచనాలే కాదు, కామెర్లు కూడా వస్తాయి. కామెర్లలో ‘ఇ’ అనే రకం ఉంది. అది నీళ్ళ వల్లే ఎక్కువగా వ్యాపిస్తుంది. మామూలు మనిషికి కొన్ని వారాల్లో తగ్గుతుంది. నెలలు నిండుతున్న గర్భిణికి మాత్రం ప్రాణం మీదికి వస్తుంది. అలా సోకిన గర్భిణులలో నూటికి 20 నుంచి 25 మంది దాకా చనిపోవచ్చునని వైద్యులు చెబుతారు. ఇంట్లో కడుపుతో ఉన్న కూతురో కోడలో ఉంటే ముందు ఆ గుంట దగ్గరికి పోయి చూడండి.

మరి ఏం చెయ్యాలి? మూతి మూయాలి. ఎలా పడితే అలా మూస్తే లాభం లేదు. గుడ్డ, కర్రముక్క, మొక్కజొన్న బెండు, సైకిల్ ట్యూబు ముక్క చుట్టి కట్టడం, ఇవన్నీ మన వీధుల్లో కనిపించేవే. ట్యాంకు నీళ్ళు ఒత్తిడితో వస్తాయి. కర్రముక్కను ఒక్క తోపులో బయటికి నెడతాయి. సిమెంటు పెట్టి పూడ్చేవాళ్ళున్నారు. సిమెంటు పైపు గోడకు సరిగా అంటదు, సందు వదులుతుంది. నల్ల ప్లాస్టిక్ పైపును మడిచి ఇనప తీగతో కట్టేవాళ్ళున్నారు. మడిచిన చోట అది కొన్నాళ్ళకు పగులుతుంది. అప్పుడు మట్టి కింద కారుతూ ఉంటుంది, కంటికి కనిపించదు.

మూయడానికి సరైన వస్తువు అంగట్లో దొరుకుతుంది. ఖరీదు పెద్దదేమీ కాదు. నల్లా సామాను కొట్టులో ‘డమ్మీ’ అని అడిగినా ఇస్తారు. అందులో రెండు రకాలు. సీసా బిరడాలాగా లోపలికి దిగేది ఒకటి. దాన్ని ఎండ్ ప్లగ్గు అంటారు. టోపీలాగా పైన తొడిగేది ఇంకొకటి. దాన్ని ఎండ్ క్యాపు అంటారు. ఏది కొనాలో పైపు మూతి చెబుతుంది. మూతి లోపల మర ఉంటే బిరడా కావాలి. మూతి బయట మర ఉంటే టోపీ కావాలి. గోడలోంచి వచ్చే మామూలు నల్లాకు సాధారణంగా లోపల మర ఉంటుంది, అరంగుళం సైజు. మెషిను నల్లా మూతికి బయట మర ఉంటుంది, సాధారణంగా ముప్పావు అంగుళం. సైజు నోటితో చెప్పకండి. విప్పిన పాత నల్లానే కొట్టుకు తీసుకుపోయి చూపించండి. పప్పు ఏదో చూపించి కొంటాం కదా, ఇదీ అంతే.

మెషిను నల్లా అయితే పని తేలిక. ముందు మెషిను కరెంటు ప్లగ్గు పీకండి. నల్లా కట్టెయ్యండి. మెషినుకు వెళ్ళే రబ్బరు పైపు కింద గిన్నె పెట్టి, పైపును చేత్తో విప్పండి. అందులో ఇంత నీరు మిగిలి ఉంటుంది, కంగారు పడకండి. తర్వాత నల్లా మూతి మీద రబ్బరు వాచరు ఉన్న టోపీ పెట్టి బిగించండి. "నల్లా కట్టేసే ఉంది కదా, టోపీ ఎందుకు?" అంటారేమో. నల్లా లోపల కూడా రబ్బరు ముక్కే ఆపేది. ఏళ్ళ తరబడి తిప్పకుండా వదిలేస్తే అది ఎండి పగులుతుంది. అప్పుడు టోపీ ఆపుతుంది. ఒక తలుపుకు గొళ్ళెం ఉన్నా తాళం కూడా వేస్తాం.

గోడ నల్లా విప్పి బిరడా పెట్టాలంటే కొంచెం పని ఉంది. ముందు ఆ పైపుకు నీళ్ళు రాకుండా చెయ్యాలి. వెనక గేటు వాల్వు ఉంటే దాన్ని కట్టెయ్యండి. తర్వాత కింద ఎక్కడైనా ఇంకో నల్లా తిప్పి వదలండి. పైపులో ఉన్న నీళ్ళు, ఒత్తిడి దాని గుండా పోతాయి. వాల్వు లేకపోతే వీధిలో నీళ్ళు రాని వేళ చూసుకుని పని మొదలుపెట్టండి. సాయంత్రం ఐదింటికి నీళ్ళు వదిలే ఊళ్ళో నాలుగున్నరకు నల్లా విప్పితే ఇంకేముంది, ఇల్లంతా పండగే!

విప్పేటప్పుడు రెండు పానాలు కావాలి. ఒక పానాతో వెనక పైపును కదలకుండా పట్టుకోవాలి. రెండో పానాతో నల్లాను ఎడమ వైపుకు తిప్పాలి. ఒక్క పానాతోనే లాగితే నల్లాతో పాటు గోడలోని పైపు కూడా తిరిగి విరుగుతుంది. అప్పుడు గోడ పగలగొట్టాలి. ఇనప పైపు తుప్పు పట్టి ఉంటే మొండిగా తిప్పవద్దు. కదలకపోతే వదిలెయ్యండి. మేస్త్రీని పిలవండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

నల్లా ఊడాక పైపు మరలో ఉన్న తుప్పు, పాత టేపు ముక్కలు పుల్లతో తీసి తుడవండి. బిరడా మర మీద తెల్ల టేపు చుట్టాలి. దాన్ని టెఫ్లాన్ టేపు అంటారు. ఇది జిగురు టేపు కాదు, లాగి పట్టి చుట్టాలి. ఏ వైపు చుట్టాలన్నదే ఇందులో కిటుకు. బిరడా మర ఉన్న కొస మీ వైపుకు తిప్పి పట్టుకోండి. గడియారం ముల్లు తిరిగే వైపుకు ఏడెనిమిది చుట్లు చుట్టండి. ఎదురు వైపు చుడితే బిరడా బిగిస్తున్నకొద్దీ టేపు విప్పుకుంటూ వస్తుంది. పూర్వం జనపనార చుట్టి తెల్ల రంగు ముద్ద పూసేవారు. అలాంటి రంగుల్లో సీసం ఉండేది. సీసం విషం. తాగే నీళ్ళ పైపుకు అది వద్దు.

ఇప్పుడు బిరడాను చేత్తో కుడి వైపుకు తిప్పండి. మొదటి చుట్టు తిన్నగా పడాలి. వంకరగా పడితే మర చెడుతుంది. చెయ్యి ఆగేదాకా తిప్పాక పానాతో కొంచెం బిగించండి. ప్లాస్టిక్ బిరడా అయితే పానాతో అర చుట్టు చాలు. బలం ఉంది కదా అని బిగిస్తే పగులుతుంది. ఇత్తడిది కాస్త ఎక్కువ బిగింపు తట్టుకుంటుంది.

మర లేని ప్లాస్టిక్ పైపులుంటాయి. తెల్లటివాటికి, లేత పసుపువాటికి గమ్ముతో టోపీ అంటిస్తారు. తెల్లదానికి ఒక గమ్ము, పసుపుదానికి ఇంకో గమ్ము. కొట్టులో పైపు రంగు చెప్పి అడగండి. పైపు కొస నున్నగా కోసి, పొడిగుడ్డతో తుడిచి, గమ్ము పూసి, టోపీ తొడిగి అర నిమిషం అలాగే పట్టుకోవాలి. ఆ రాత్రంతా నీళ్ళు వదలకూడదు. గమ్ము డబ్బా మీద ఎంతసేపు ఆరాలో రాసి ఉంటుంది. చదవండి. ఇంటికి వచ్చే నల్ల పైపుకు మాత్రం గమ్ము అంటనే అంటదు. దానికి మర బిగించి పట్టుకునే టోపీ వేరే ఉంది. అది అడిగి తెచ్చుకోవాలి.

బిగించడం అయ్యాక వాల్వు మెల్లగా తిప్పండి. ఒక్కసారిగా వదిలితే నీళ్ళు వచ్చి ధన్‌మని కొడతాయి. బిరడా చుట్టూ పొడిగుడ్డతో తుడవండి. కింద పొడి కాగితం ముక్క పరవండి. తెల్లారి చూడండి. కాగితం పొడిగా ఉంటే పని అయినట్టు. మచ్చ కనిపిస్తే బిరడా విప్పి, పాత టేపు తీసేసి, కొత్త టేపు చుట్టి మళ్ళీ బిగించాలి. పైన ఇంకో చుట్టు టేపు వేస్తే ఆగదు. పని అయ్యాక ఇంట్లో నల్లాలో మొదట వచ్చే రెండు మూడు బిందెల నీళ్ళు తాగడానికి పట్టవద్దు. మొక్కలకు పొయ్యండి.

ఇదంతా ఆడవాళ్ళ పనేనా అని ఇంట్లో ఎవరైనా అంటే ఒక మాట చెప్పండి. ఉత్తరప్రదేశ్‌లో బాందా అనే కరువు జిల్లా ఉంది. 1990ల మొదట్లో అక్కడ మహిళా సమాఖ్యలో చేరిన స్త్రీలు చేతిపంపులు విప్పి బాగుచెయ్యడం నేర్చుకున్నారు. వాళ్ళలో చాలామంది అప్పటికి చదువు రానివాళ్ళు. ఆ జిల్లాలోనే కొత్తగా అక్షరాలు నేర్చిన స్త్రీలు ‘మహిళా డాకియా’ అనే పత్రిక కూడా నడిపారు. చేతిపంపు లోపలి ఇనప కడ్డీలను పైకి లాగిన చేతులకు అరంగుళం బిరడా ఒక లెక్కా?

ఒక జాగ్రత్త చెప్పాలి. ఇళ్ళలో మూయకూడని మూతులు కూడా ఉన్నాయి. నీళ్ళు వేడి చేసే గీజర్‌కు కింద చిన్న వాల్వు ఉంటుంది. గీజర్ బాగా కాగినప్పుడు అందులోంచి చుక్కలు కారతాయి. "ఇదీ కారుతోంది" అని దానికి బిరడా పెట్టారా, ప్రమాదం! లోపల ఒత్తిడి పెరిగి గీజర్ పేలవచ్చు. ఆ చుక్కలు కారడానికే ఆ వాల్వు పెట్టారు. డాబా మీద ఎండతో నీళ్ళు కాచే సోలార్ హీటరుకు పైకి నిలబడిన సన్న పైపు ఉంటుంది. అది గాలి పోయే దారి. దాని మూతీ మూయకూడదు. గీజర్ వాడకం మానేస్తే ముందు కరెంటు తీయించండి, లోపలి నీళ్ళు ఖాళీ చేయించండి, గోడ నుంచి మనిషిని పెట్టి విప్పించండి. ఆ తర్వాతే గోడలోని పైపు మూతులకు బిరడాలు.

ఇక వీధిలోని పాత పైపు మాట. ఇంటి ముందు మూతికి బిరడా వేస్తే మురుగు పీల్చడం ఆగుతుంది. ఆ పని వెంటనే చెయ్యాలి. కాని అక్కడి నుంచి వీధి పైపు దాకా ఉన్న ముక్క మట్టి కింద మిగిలే ఉంటుంది. అందులో నీళ్ళు కదలకుండా నిలవ ఉంటాయి. మందు బలం తగ్గుతుంది, నీళ్ళు చెడతాయి. ఆ ముక్క ఎక్కడైనా పగిలితే మళ్ళీ మొదటికి వస్తుంది. కాబట్టి అసలు మూత వీధి పైపు దగ్గరే పడాలి. కొమ్మ చివర కాదు, మొదట్లో. అది మీరు తవ్వి చేసే పని కాదు. వీధి పైపు ఊరందరిది. పంచాయతీ మనిషి చేత చేయించాలి. నోటితో చెబితే మరిచిపోతారు. రాసి ఇవ్వండి. ఇలా రాస్తే సరిపోతుంది:

"గ్రామ పంచాయతీ కార్యదర్శి గారికి. మా ఇంటి ముందు పాత నల్లా ఉంది. మేము దాన్ని వాడడం లేదు. దాని మూతి మురుగు గుంటలో ఉంది. మంచినీళ్ళలో మురుగు కలిసే ప్రమాదం ఉంది. దయచేసి దాన్ని వీధి పైపు దగ్గరే తీసేసి గట్టిగా మూయించండి. ఇంటి నంబరు, వీధి పేరు, తేదీ, సంతకం."

పట్నంలో అయితే మున్సిపాలిటీకి గాని, నీళ్ళ బిల్లు వేసే ఆఫీసుకు గాని రాయాలి. అక్కడ కనెక్షన్ నంబరు కూడా వెయ్యండి. అది బిల్లు మీద ఉంటుంది. నల్లా వాడడం మానేసినంత మాత్రాన బిల్లు ఆగదు. కనెక్షన్ తీసెయ్యమని రాసి ఇచ్చి, బాకీ ఉంటే కట్టి, తీసేసినట్టు కాగితం తీసుకోవాలి.

అర్జీ రెండు కాగితాల మీద రాయండి. ఒకటి ఆఫీసులో ఇవ్వండి. రెండోదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో దాచండి. వారం దాటినా ఎవరూ రాకపోతే ఆ కాగితం పట్టుకుని మళ్ళీ వెళ్ళండి. ఈసారి అలాంటి పైపులున్న ఇళ్ళవాళ్ళందరినీ వెంటబెట్టుకుని వెళ్ళండి.